తిట్టుగా మారిన జబ్బు

2014 ఫిబ్రవరిలో నాటి విదేశాంగ మంత్రి సల్మాన్ ఖుర్షీద్, గుజరాత్ అల్లర్లను ఆపలేకపోయారంటూ నరేంద్ర మోదీని ‘నపుంసకుడు’ అన్నారు. రాహుల్ గాంధీ సైతం ఆ భాషను తప్పుబట్టారు. రాజకీయ మర్యాద గురించి చర్చ చాలానే సాగింది. ఒక శారీరక రుగ్మత తిట్టెలా అయిందని అడిగినవారు మాత్రం నాకు కనబడలేదు. నేనూ అడగలేదు.

అమెరికాలో 1996 అధ్యక్ష ఎన్నికల్లో ఓడిన బాబ్ డోల్, ప్రొస్టేట్ క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత తనకెదురైన అంగస్తంభన సమస్య గురించి బాహాటంగా మాట్లాడారు. ఆపై ఫైజర్ ప్రకటనలోనూ కనిపించారు. డబ్బుకే అనుకుందాం. అయినా రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన ఆ వీరుణ్ని మగతనం లేనివాడనడం ఎవరి తరం?

మన దేశంలో ఈ సమస్యకు మందిస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. రైలు కిటికీలోంచి చూడండి, పట్టాల వెంట గోడల మీద అవే రాతలు! ఈ సమస్య మధుమేహానికో గుండెజబ్బుకో ముందస్తు సూచన కావచ్చు. సిగ్గుతో వైద్యుణ్ని తప్పించుకుని ఆ గోడమీది నంబరుకు ఫోన్ చేసేవాడికి అసలు జబ్బు బయటపడేదెప్పుడు?

లోక్‌సభలోని 543 స్థానాల్లో అత్యధికం పురుషులవే. ‘నేనూ చికిత్స తీసుకున్నాను’ అని వారిలో ఒక్కరైనా నిలబడి చెబితే వినాలని ఉంది.