మెరుపు చూసి తొక్కు పెట్టకండి

మామిడికాయ తొక్కులు పెట్టే కాలం వచ్చింది. చపాట మిర్చి కొట్టించి, కాయ తెచ్చి, ఉప్పూ ఆవపిండీ కొలిచి పెట్టుకునే ఇళ్లు వరంగల్‌లో ఇంకా చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లకు ముందుగా ఒక్క మాట. ఎవరు చేశారో, ఎంత వేడిలో కాల్చారో, లోపల ఏం పూశారో తెలియని రంగుల మట్టి జాడీలో ఈసారి తొక్కు పెట్టకండి. చింతపండు పులుసు పోయకండి, నిమ్మరసం, మజ్జిగ నిల్వ ఉంచకండి. ముచ్చటపడి కొన్నది పారేయడానికి మనసొప్పకపోతే అలమారలో పెట్టి చూసుకోండి.

కుమ్మరి ఇంటి రంజన్‌కూ, కూర వండే కుండకూ, బోనానికీ ఈ హెచ్చరికతో పనిలేదు. వాటి మీద గ్లేజు పూతే ఉండదు. అమ్మమ్మల నాటి బరువైన గోధుమరంగు జాడీలతోనూ సాధారణంగా పేచీ లేదు. అవి ఎక్కువ వేడిలో గట్టిపడిన స్టోన్‌వేర్, సీసం అవసరం రాని కాల్పు. లోపల పగుళ్లూ పెచ్చులూ లేనంతవరకు వాటిని వాడుకోవచ్చు.

భయమంతా కొత్త సరుకుతోనే. మట్టిపని మీద మళ్లీ మోజు పుట్టింది. వారాంతపు వర్క్‌షాపులు, మేడ మీద చిన్న ఎలక్ట్రిక్ బట్టీ, ఆన్‌లైన్‌లో కిలోల లెక్కన గ్లేజు పొడి, ఇన్‌స్టాగ్రామ్‌లో కప్పులకు గిరాకీ. కుమ్మరి పిల్లలు సారె వదిలి ఆటో పట్టిన చోట మళ్లీ సారె తిరుగుతోందంటే సంతోషమే. అయితే పొడి ప్యాకెట్ మీద 'ఫుడ్ సేఫ్' అని ఉంది కదా అని, దాన్ని పూసిన గిన్నె కూడా భోజనానికి పనికొస్తుందని నమ్మి అమ్మేస్తున్నారు. ఆ రెండు మాటల హామీ ప్యాకెట్‌లోని పొడికి కూడా పూర్తిగా వర్తించదు. ఫలానా మట్టి మీద, ఫలానా మందంలో పూసి, ఫలానా వేడిలో కాల్చినప్పుడే ఆ మాట నిలుస్తుంది. ఈ మూడింటిలో ఒకటి తప్పినా హామీ పోయినట్టే.

గ్లేజు అంటే మట్టి మీద కరిగి అతుక్కున్న గాజు. దానికి ఆధారం పలుగురాయి పిండి. అదొక్కటే అయితే 1700 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అందుకని కరిగించే సరుకులు కలుపుతారు: ఫెల్డ్‌స్పార్, సున్నం, జింక్, బోరాన్. కరిగింది కారిపోకుండా పట్టి ఉంచేందుకు చైనా క్లే. కాల్పు ఎంత అయిందో, ఆ వేడికి వంగిపోయే చిన్న శంకువు నంబరుతో, అంటే కోన్‌తో చెబుతారు. మిడ్‌రేంజ్ గ్లేజులు కోన్ 4 నుంచి 7 దాకా, ఎక్కువగా కోన్ 6లో, అంటే దాదాపు 1220 డిగ్రీల దగ్గర పూర్తిగా కరిగేలా కుదిర్చినవి. కోన్ 10లో, అంటే 1300కు దగ్గరగా కాల్చే పాత పద్ధతి కన్నా కరెంటు ఖర్చు తక్కువ. బట్టీ కాయిల్స్ ఎక్కువ కాలం మన్నుతాయి, రంగులూ బాగా పలుకుతాయి. అందుకే ఇంటి బట్టీవాళ్లందరూ వీటి వైపే మొగ్గుతున్నారు.

చిక్కు మన మట్టితో వస్తుంది. చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ. ఊరి ఆవంలో అది 700 నుంచి 900 డిగ్రీల మధ్య కాలి, నీళ్లు చల్లబరిచే కుండ అవుతుంది. అందుకు పుట్టిన మట్టి అది. రామప్ప శిఖరానికి నీళ్ల మీద తేలే ఇటుకలు కాల్చిన నేల మనది, సన్నని రంధ్రాలున్న మట్టి విలువ ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అదే మట్టిని 1100 దాటిస్తే చాలాసార్లు ఉబ్బుతుంది, వంగుతుంది, చివరికి కరిగి బట్టీ పలకకు అతుక్కుంటుంది. పోనీ 1050 దగ్గర ఆపితే కోన్ 6 గ్లేజు సగమే కరుగుతుంది. సుద్దలా, గరుకుగా మిగిలిపోతుంది.

ఈ సందులోంచే సీసం దూరుతుంది. సిందూరం, ముద్దారశింగి, లెడ్ ఫ్రిట్, ఏ పేరుతో అమ్మినా సీసమే. తక్కువ వేడిలో కరుగుతుంది, అగ్గువకు దొరుకుతుంది, పూతలో లోపాలు కప్పేస్తుంది, పైగా నిగనిగలాడే మెరుపు. 'కొంచెం ఇది కలపండి, గ్లేజు దిగుతుంది' అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. ఫ్రిట్‌గా, అంటే ముందే కరిగించి గాజుపొడిగా మార్చిన సీసం పొడిగా ముట్టుకున్నప్పుడు కొంత తక్కువ ప్రమాదమే. కానీ కాల్చాక అది పులుపులోకి దిగుతుందా లేదా అన్నది మొత్తం కూర్పు మీద ఆధారపడుతుంది. అందులో ఆకుపచ్చ కోసం రాగి కలిపారంటే సీసం మరింత సులువుగా బయటికొస్తుంది. ఎక్కువ వేడికి ఎగిరిపోతుందిలే అనుకునేవాళ్లూ ఉన్నారు. ఎగిరింది ఎక్కడికీ పోదు. బట్టీ గోడల్లో, పక్కనున్న సీసం లేని కప్పుల మీద, అక్కడ నిలబడ్డ మనిషి ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

1970లో మాంట్రియల్ వైద్యులు ఒక పసివాడి మరణం గురించి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. ఇంట్లోవాళ్లు ఆపిల్ రసాన్ని గ్లేజు పూసిన మట్టి జగ్గులో నిల్వ ఉంచేవాళ్లు. రసంలోని పులుపు గ్లేజులోని సీసాన్ని లాగింది. ఆ తర్వాతే చాలా దేశాలు పింగాణీ పాత్రల నుంచి ఎంత సీసం దిగుతుందో కొలవడం గట్టిగా పట్టించుకున్నాయి. మెక్సికోలో ఈ రోజుకీ పిల్లల రక్తంలో సీసానికి ముఖ్య కారణాల్లో గ్లేజు కుండ ఒకటి. అక్కడి కుమ్మరులు చెడ్డవాళ్లు కారు. వాళ్ల కట్టెల బట్టీ అంతకు మించి వేడెక్కదు, తక్కువ వేడిలో కరిగే చవక సరుకు సీసమే.

ఆపిల్ రసం కొన్ని రోజుల్లో అయిపోతుంది. మన తొక్కు ఏడాది పొడుగునా జాడీలోనే ఉంటుంది. ప్రపంచమంతా వాడే పరీక్షలో పాత్రలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, దిగిన సీసం, కాడ్మియం కొలుస్తారు. మన భారత ప్రమాణం ఐఎస్ 9806 కూడా ఈ విషయానికి సంబంధించిందే. అమెరికాలో ఈ పరీక్షలో లీటరుకు పళ్లానికి 3 మిల్లీగ్రాములు, చిన్న గిన్నెకు 2, పెద్ద పాత్రకు 1, కప్పుకూ కూజాకూ అర మిల్లీగ్రాము సీసం దాటితే సరుకు ఆపేస్తారు. దిగడం మొదట్లో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గొచ్చు, ఆగిపోతుందని మాత్రం చెప్పలేం. మామిడి పులుపులోని సిట్రిక్ ఆమ్లానికి లోహాలను పట్టుకునే గుణం ఉంది. ఒక్క రోజు పరీక్ష పాసైన పూతను ఏడాది ఊరే ఆవకాయకు అప్పజెప్పేముందు కాస్త ఆలోచించాలి కదా.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయినప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయన్న వార్తతో తెలుగు పత్రికలన్నీ సీసం గురించి రాశాయి. తర్వాత వేలు పురుగుమందుల వైపు తిరిగింది, సీసం మాట మరుగున పడింది. సీసం సాధారణంగా అలా ఒక్కసారిగా పడగొట్టదు. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, పిల్లాడు చదువులో మందగించడం, ఇలా వేరే జబ్బుల వేషంలో వస్తుంది, లేదా ఏ వేషమూ లేకుండానే లోపల పేరుకుంటుంది. ఇంతలోపైతే ఫరవాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎముకల్లో దాగిన సీసం గర్భంతో ఉన్నప్పుడు బిడ్డకు చేరుతుంది. గోడలకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2017 నవంబరు నుంచి మన దేశంలో చట్టం అమల్లో ఉంది. అన్నం తినే గిన్నెల విషయంలో సంతలో అడిగే నాథుడు లేడు.

సీసం లేదంటే సరిపోయిందనుకోకండి. రాగి మోతాదు మించిన పచ్చ గ్లేజులు, బేరియం కార్బొనేట్‌తో చేసిన, మెరుపు లేని మాట్ గ్లేజులు, మాంగనీసు నిండా కలిపిన కంచురంగు పూతలు, కాడ్మియం ఉన్న ఎరుపు, పసుపు స్టెయిన్లు, వీటిలో దేని జాగ్రత్తలు దానికున్నాయి. బేరియం కార్బొనేట్ ఎలకల మందు. కళ్లకు హాయిగా ఉండే మాట్ పూత చాలాసార్లు పలుగురాయి, చైనా క్లే సరిపడా లేకపోవడం వల్ల వచ్చిందే. అలాంటి గాజుకు లోహాలను బంధించి ఉంచే బలముండదు. కోన్ 6 గ్లేజుల మన్నిక మీద జాన్ హెస్సెల్‌బర్త్, రాన్ రాయ్ 2002లో పుస్తకమే రాశారు. అందంగా కనబడడం వేరు, నిలకడగా ఉండడం వేరు అని దాని పొడుగునా పరీక్షలతో చూపించారు. రంగులన్నీ బయటికి, లోపల మాత్రం రంగు కలపని, పూర్తిగా కరిగే తెల్ల లేదా పారదర్శక లైనర్ గ్లేజు. చేసేవాళ్లు ఈ ఒక్క అలవాటు పట్టుకున్నా సగం ముప్పు తప్పుతుంది.

బట్టీ మీటరు 1220 చూపించిందని నమ్మేసేవాళ్లకు ఇంకో మాట. మీటరు చూపేది వేడిని పసిగట్టే థర్మోకపుల్ ముక్కు ఉన్న చోటి వేడి మాత్రమే. కింది అరలో అంతకన్నా తక్కువ ఉండొచ్చు. ఎండాకాలం సాయంత్రం వోల్టేజీ పడిపోతే కాయిల్స్ ఎగశ్వాస తీస్తాయి. ప్రతి అరలోనూ 5, 6, 7 నంబర్ల కోన్లు మూడు వరసగా మట్టిముద్దలో గుచ్చి పెట్టండి. కాల్పు సరిగా అయితే 5 పూర్తిగా వాలిపోయి ఉంటుంది, 6 వంగి దాని మొన అడుగును తాకుతూ ఉంటుంది, 7 అప్పుడే మెడ వంచుతూ ఉంటుంది. కింది అరలో 6 నిటారుగా నిలబడి కనిపిస్తే ఆ అరలోని కప్పులు ఎంత మెరిసినా అమ్మకానికి పనికిరావు. మళ్లీ కాల్చాలి.

తర్వాత మట్టి. గ్లేజు పూయని ఒక పలకను అదే బట్టీలో కాల్చి, గ్రాముల తూకం వేయండి. నీళ్లలో కొన్ని గంటలు మరిగించి, ఆ నీళ్లలోనే రాత్రంతా నాననిచ్చి, తడి తుడిచి మళ్లీ తూయండి. 200 గ్రాముల పలక 203 అయితే పీల్చింది ఒకటిన్నర శాతం, భోజన పాత్రకు ఫరవాలేదు. 220 అయితే పది శాతం. అది కుండ మట్టే, కోన్ 6 గ్లేజుతో దానికి పొత్తు కుదరదు. అలాంటి పాత్రలో గ్లేజుకు సన్నని పగుళ్లు వస్తే పులుసు, నూనె లోపలికి దిగి మట్టిలో మురుగుతాయి, ఎంత తోమినా పోవు. పగుళ్లు కంటికి ఆనకపోతే సిరా పూసి తుడిచి చూడండి, గీతలు బయటపడతాయి.

నిమ్మబద్ద పరీక్ష చాలామందికి తెలుసు. గ్లేజు మీద నిమ్మబద్ద పెట్టి రాత్రంతా ఉంచి, పొద్దున రంగు వెలిసిందేమో చూడటం. వెలిస్తే ఆ గ్లేజును తిండికి వాడకండి. వెలవకపోతే మాత్రం ఏమీ తేలనట్టే. తెల్లని పూతలోంచి దిగే సీసానికి రంగు లేదు, రుచి కూడా కొద్దిగా తీపే. రంగు మారే కిట్లూ కొన్నిసార్లు సీసాన్ని పట్టలేవు. నమ్మదగింది ల్యాబు పరీక్ష ఒక్కటే. గుర్తింపు ఉన్న ల్యాబులు హైదరాబాద్‌లో ఉన్నాయి, కానీ పది కప్పులు అమ్ముకునేవాడు ఒక్కో గ్లేజుకూ అంత దూరం పోయి ఫీజు కట్టలేడు. వరంగల్ ఎన్‌ఐటీలోనూ, కాకతీయ యూనివర్సిటీలోనూ రసాయన శాస్త్ర విభాగాలున్నాయి. కలెక్టరు తలచుకుంటే నెలకో రోజు నామమాత్రపు రుసుముతో జిల్లా చేతివృత్తులవాళ్ల సరుకు పరీక్షించే ఏర్పాటు చేయించలేరా? కుమ్మరులకు శిక్షణ, యంత్రాలు ఇచ్చే పథకాల్లో సారె, బట్టీతో పాటు ఒక కోన్ల పెట్టె, బోరాన్ ఫ్రిట్, గట్టిపడే స్టోన్‌వేర్ మట్టి కూడా చేర్చాలి. తక్కువ వేడిలో సీసం చేసే పనిని బోరాన్ చేయగలదు. దాని ధర ఎక్కువ కాబట్టే సబ్సిడీ కావాలి. కోన్ల ఖర్చు కప్పుకు చాయ్ పైసలంత కూడా పడదు.

ఇక చేసేవాళ్ల ఊపిరి సంగతి. గ్లేజు పొడిలో సగానికి దగ్గరగా ఉండేది పలుగురాయి, ఫెల్డ్‌స్పార్‌ల దుమ్మే. షాద్‌నగర్ దగ్గర ఎలికట్ట ఊరివాళ్లు పలుగురాయి పిండి పట్టే ఫ్యాక్టరీలో పనిచేసి సిలికోసిస్‌తో ఎలా కుప్పకూలారో మన రాష్ట్రం చూసింది. ఒక స్టూడియో దుమ్ము ఆ స్థాయిలో ఉండదు, నిజమే. అయినా వంటింటి పక్క గదిలో, పిల్లలు ఆడుకునే చోట పొడి కలపడం, ఎండిపోయిన గచ్చును చీపురుతో ఊడ్వడం ఇవాళే మానేయండి. ఎన్95 మాస్కు పెట్టుకుని నీళ్లలోకి పొడిని మెల్లగా వదలండి, నేలను తడిగుడ్డతో తుడవండి, గ్లేజు కలిపిన చెంచా మళ్లీ వంటింట్లోకి రానీయకండి.

కొనేవాళ్లు అడగాల్సినవి మూడే: ఏ మట్టి, ఏ కోన్, లోపలి గ్లేజులో ఏముంది. తడుముకోకుండా చెప్పగలిగినవాడి దగ్గర కొనండి. 'అన్నా, అందరూ ఇదే వాడతరు' అన్నవాడి దగ్గర పూలకుండీ కొనండి. అనుమానమున్న జాడీలో ఇప్పటికే తొక్కు ఉంటే దాన్ని గాజు సీసాలోకి మార్చినంత మాత్రాన లాభం లేదు, పారేయాలి. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు అందులోది తింటూ ఉంటే డాక్టరుకు సంగతంతా చెప్పి రక్తంలో సీసం పరీక్ష గురించి అడగండి. మామూలు రక్తపరీక్షలో అది తేలదు.

స్టూడియోవాళ్లు బకెట్లు కడిగిన నీళ్లు మోరీలో పోయొద్దు. ఆ మోరీ ఏదో ఒక చెరువులోకే పోతుంది. నీళ్లు కదలకుండా పెడితే మడ్డి అడుగున పేరుకుంటుంది. ఆ మడ్డిని కాల్చిన గిన్నెలో ఆరబెట్టి తర్వాతి కాల్పులో గాజు ముద్ద చేసేయొచ్చు. సీసం, కాడ్మియం ఉన్న పొడులకు ఈ ఉపాయం పనికిరాదు. వాటిని మూట కట్టి, పైన పేరు రాసి, పిల్లలకందని చోట తాళం వేయండి. అమ్మినవాడు వెనక్కి తీసుకోకపోతే కాలుష్య నియంత్రణ మండలికి రాసి, ప్రమాదకర వ్యర్థాలను సేకరించే దుండిగల్ కేంద్రానికి చేర్చే దారి అడగండి.