డ్రిల్లింగ్ రిగ్ దిగితే గని వచ్చినట్టేనా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో మీకు భూమి ఉంటే ఇది చదవండి

మీది పాలమూరు అయితే, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో ఒకసారి ఈ మాట వచ్చే ఉంటుంది: ‘మన దగ్గర బంగారం ఉందంట’. మీది పాలమూరు కాకపోయినా, ఫోన్‌లో షేర్ల యాప్ ఉంటే ఇదే మాట ఇంకో రూపంలో వస్తుంది: ‘ఫలానా ఖనిజాన్వేషణ స్టార్టప్ విస్తరిస్తోంది, ఇప్పుడే కొనండి’. మొదటి మాట విన్నవాళ్లు పొలం అమ్మాలా ఆగాలా అని ఆలోచిస్తారు. రెండోది విన్నవాళ్లు జేబు తడుముకుంటారు. రెండు చోట్లా జరిగే పొరపాటు ఒక్కటే. అన్వేషణను తవ్వకం అనుకోవడం.

ముందు నేల సంగతి చూద్దాం. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో గద్వాల నుంచి దక్షిణంగా కర్నూలు జిల్లా వెల్దుర్తి వైపు ఒక పాత రాతి పట్టీ సాగుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని గద్వాల శిస్ట్ బెల్ట్ అంటారు. కర్ణాటకలో రాయచూరు జిల్లా హట్టి గనిలో బంగారం దొరికేది ఇదే రకం రాతి పట్టీలో. హట్టి మనకు కొత్త పేరేమీ కాదు. నిజాం రాజ్యంలో, 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలైన కంపెనీయే ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వ సంస్థగా నడుస్తోంది. కాబట్టి గద్వాల వైపు భూగర్భ శాస్త్రవేత్తలు ఆశగా చూడటంలో వింతేమీ లేదు. కానీ ఒకే రకం రాయి ఉన్నంత మాత్రాన గని ఉన్నట్టు కాదు. లాభసాటి గనిలో కూడా టన్ను రాయిని పిండి చేస్తే వచ్చేది కొద్ది గ్రాముల బంగారమే. ఆ కొద్ది గ్రాములు ఎంత లోతున, ఎంత వెడల్పున ఉన్నాయో తేల్చడమే అన్వేషణ కంపెనీ పని. అది గని తవ్వదు, సమాచారం తయారు చేస్తుంది.

మరి ఆ సమాచారంతో కంపెనీకి డబ్బు ఎలా వస్తుంది?

2015కు ముందు దారి సూటిగానే ఉండేది. ముందు వెతికినవాడికి లీజులో ముందు వరుస. 2015లో గనుల చట్టాన్ని సవరించి లీజులన్నీ వేలంలోకి తెచ్చారు. దాంతో చెమటోడ్చి వెతికేది ఒకరు, వేలంలో పాడుకునేది ఇంకొకరు అన్నట్టయింది. అప్పటికే వెతికి, లీజు కోసం ఎదురుచూస్తున్నవారికి ఉన్న మినహాయింపు కూడా 2021 సవరణతో పోయింది. ప్రైవేటు డబ్బు ఈ రంగానికి దూరంగా ఉండిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

2023 ఆగస్టులో అమల్లోకి వచ్చిన సవరణ కొత్త దారి తెరిచింది. బంగారం, రాగి, వజ్రం, లిథియం, అరుదైన భూమూలకాలు వంటి 29 ఖనిజాలకు ‘అన్వేషణ లైసెన్సు’ అనే కొత్త రకం అనుమతి వచ్చింది. ఒక్కో లైసెన్సుకు గరిష్ఠంగా 1,000 చదరపు కిలోమీటర్లు. గడువు 5 ఏళ్లు, మరో 2 ఏళ్లు పొడిగించవచ్చు. మూడేళ్లు గడిచాక విస్తీర్ణంలో 25 శాతానికి మించి అట్టిపెట్టుకోకూడదు. వెతకడం పూర్తయ్యాక కంపెనీ నివేదిక ఇస్తుంది, దాని ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వం 6 నెలల్లో తవ్వకం లీజును వేలం వేయాలి.

ఇక్కడ వేలం తిరగేసి జరుగుతుంది. లీజు పాడుకున్న సంస్థ ప్రభుత్వానికి కట్టే వేలం ప్రీమియంలో తనకు ఎంత శాతం వాటా చాలో అన్వేషణ కంపెనీ ముందే చెప్పాలి. తక్కువ అడిగినవారికే లైసెన్సు.

దీనికి మన పొరుగునే ఒక ఉదాహరణ ఉంది. 2025 మార్చిలో కేంద్రం 13 బ్లాకులతో ఈ లైసెన్సుల తొలి వేలం ప్రారంభించింది. రాయచూరు జిల్లా దేవదుర్గ్ ప్రాంతంలోని బంగారం, రాగి బ్లాకును 37.75 శాతం వాటా కోట్ చేసి దక్కించుకున్నది సింగరేణి. బొగ్గులో వందేళ్లు దాటిన సంస్థ కావచ్చు, బంగారం వెతకడంలో మాత్రం అది కూడా స్టార్టప్పే. ఖర్చు సుమారు 90 కోట్ల రూపాయలు అవుతుందని అంచనా. అందులో 20 కోట్ల వరకు కేంద్రం తిరిగి ఇస్తుంది.

ఈ లెక్కను చేతిలో వేసుకుని చూడండి. రేపు అక్కడ గని వచ్చి, లీజుదారు 100 రూపాయల ఖనిజానికి 20 రూపాయల ప్రీమియం కట్టడానికి ఒప్పుకున్నాడనుకుందాం (ఇది ఊహా లెక్క, అసలు ప్రీమియం వేలంలోనే తేలుతుంది). అందులో 37.75 శాతం అంటే 7 రూపాయల 55 పైసలు అన్వేషణ సంస్థకు, గని నడిచినంత కాలం. వినడానికి బాగుంది. కానీ ఖనిజం తేలకపోతే వచ్చేది సున్నా. తేలినా వేలం జరగాలి, అనుమతులు రావాలి, తవ్వకం మొదలవ్వాలి. అప్పటిదాకా కంపెనీ దగ్గర ఉండేది ఖర్చు ఒక్కటే.

ఆ ‘అప్పటిదాకా’ ఎంత పొడవో తెలియాలంటే కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి చూడాలి. అక్కడ అన్వేషణ చేసిన జియోమైసూర్‌కు లీజు దక్కింది 2013లో. శుద్ధి ప్లాంటు పని దాకా రావడానికి ఆ తర్వాత మరో పదేళ్లకు పైగా పట్టింది. జియోమైసూర్‌లో వాటా ఉన్న, బీఎస్‌ఈలో నమోదైన డెక్కన్ గోల్డ్ మైన్స్ ఈలోగా కిర్గిజ్‌స్థాన్, మొజాంబిక్ వరకు ప్రాజెక్టులు వెతుక్కుంటూ వెళ్లింది. ఒక్క చోటనే నమ్ముకుంటే ఈ వ్యాపారంలో తిండి దొరకదు మరి. అన్వేషణ కంపెనీ ‘విస్తరణ ప్రణాళిక’ అనగానే బంగారు దిబ్బ దొరికిందని కాదు, దొరకని చోట్ల ఖర్చును దొరికే చోటు మీద వేసుకోవాలని చూస్తోందని చాలాసార్లు అర్థం.

చిన్న కంపెనీలకు ఇంకో ఆదాయ మార్గం కూడా ఉంది, నన్నడిగితే ఎక్కువ నికరమైనది అదే. గుర్తింపు పొందిన ప్రైవేటు అన్వేషణ సంస్థగా నోటిఫై అయితే, గనుల సంస్థలు చెల్లించే నిధితో నడిచే జాతీయ ఖనిజాన్వేషణ, అభివృద్ధి ట్రస్టు నుంచి ప్రాజెక్టులు తీసుకుని కాంట్రాక్టు మీద సర్వే, డ్రిల్లింగ్ చేయవచ్చు. దొరికినా దొరకకపోయినా చేసిన పనికి డబ్బు వస్తుంది. ఇలాంటి స్టార్టప్‌కు హైదరాబాద్‌ను మించిన చోటు దేశంలో తక్కువే: బండ్లగూడలో జీఎస్‌ఐ, హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ, బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్, మాసబ్ ట్యాంక్‌లో ఎన్‌ఎండీసీ. అందుకే షేరు కొనమని ఎవరైనా చెబితే ముందు ఒక్కటే అడగండి: ఆ కంపెనీ చేతిలో ఉన్నది లైసెన్సా, లీజా, కాంట్రాక్టు పనా? మూడింటి విలువ మూడు రకాలు. కెనడాలో బ్రె-ఎక్స్ అనే చిన్న కంపెనీ ఇండోనేషియాలో భారీ బంగారు నిల్వ ఉందంటే జనం ఎగబడి కొన్నారు. ఆ నమూనాల్లో బయటి నుంచి బంగారం కలిపారని 1997లో బయటపడింది, షేరు చిత్తుకాగితమైంది.

ఇక పొలం మాట.

మీ పట్టాదారు పాసుపుస్తకం ఉన్నా, లీజు లేకుండా బంగారం తవ్వుకునే హక్కు మీకు రాదు. మీ దగ్గర కొన్న బ్రోకర్‌కూ రాదు. కాబట్టి గని వస్తోందని ఎవరైనా తక్కువకో ఎక్కువకో భూమి అడిగితే అతను కొంటున్నది పుకారునే.

లైసెన్సు ఉన్న సంస్థ సర్వేకు వస్తే మాత్రం సంగతి వేరు. గనుల చట్టం 24ఏ సెక్షన్ ప్రకారం వారికి భూమిలో ప్రవేశించే హక్కు ఉంటుంది, దానికి పరిహారం కట్టే బాధ్యత కూడా ఉంటుంది. సాగు భూమికైతే అలాంటి భూమిపై గత 3 ఏళ్ల సగటు నికర ఆదాయం ఆధారంగా, రాష్ట్రం నియమించిన అధికారి ఏటా పరిహారం నిర్ణయిస్తారు. పని ముగిశాక భూమికి జరిగిన నష్టాన్ని విడిగా లెక్కకట్టాలి.

చిక్కంతా ‘అలాంటి భూమి’ అన్న మాటలో ఉంది. నడిగడ్డలో చాలామంది పండించేది మామూలు పత్తి కాదు, సీడ్ పత్తి. పువ్వు పువ్వుకూ చేత్తో క్రాసింగ్ చేసే పంట. కూలీల ఖర్చు ఎక్కువ, చేతికొస్తే ఆదాయమూ ఎక్కువే. క్రాసింగ్ నడుస్తున్న వారాల్లో చేనులో రిగ్ దిగితే పోయేది ఆ నాలుగు సాళ్లే కాదు. ఆఫీసులో కూర్చుని సాధారణ పత్తి ఎకరా లెక్క రాస్తే రైతు నిండా మునిగినట్టే. సీడ్ కంపెనీతో లేదా ఆర్గనైజర్‌తో జరిగిన లావాదేవీల కాగితాలు 3 ఏళ్లవి దాచి ఉంచమని ఊళ్లో మీ నాన్నకో బాబాయికో ఇవాళే చెప్పండి. కౌలు రైతుది ఇంకో బాధ. నేల మీద సాగు చేసుకుంటున్నది అతనే, కానీ అది చూపించే కాగితం అతని దగ్గర ఉండదు.

ఊరికి వచ్చే నిధి గురించి కూడా అపోహ ఉంది. జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు డబ్బు వచ్చేది రాయల్టీ మీద లెక్కతో. అన్వేషణ దశలో రాయల్టీయే లేదు. అంటే బోర్లు వేసే 5, 7 ఏళ్లలో ఊరికి ఆ ఖాతా నుంచి రూపాయి కూడా రాదు. ఆ ఖాతాలో బడి కడతామని ఎవరైనా చెబితే నమ్మకండి.

వనపర్తిలో ఎక్కువగా ఉండేది గ్రానైట్, నైస్ రాళ్లే. బంగారం కబుర్లు అక్కడ తక్కువ. అయితే ఇలాంటి రాళ్లలో అక్కడక్కడా కనిపించే పలుగురాయి హోదా మారింది. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, మైకా, బెరైటీస్‌లను 2025 ఫిబ్రవరిలో కేంద్రం చిన్న ఖనిజాల జాబితా నుంచి ప్రధాన ఖనిజాల్లోకి మార్చింది. వాటి పక్కన లిథియం వంటివి ఉండే అవకాశం ఉందన్నది కారణం. ఇన్నాళ్లూ గుట్ట రాయి అనుకున్నది ఇప్పుడు ఢిల్లీ లెక్కలోకి వచ్చింది.

నాగర్‌కర్నూల్‌కు ఈ విషయంలో జ్ఞాపకాలు ఎక్కువ. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం సర్వేకు 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ‘తవ్వకం కాదు, సర్వేనే’ అన్న జవాబు చెంచు పెంటల్లో ఎవరికీ ఊరట ఇవ్వలేదు. ఆ సర్వే ప్రతిపాదనలోనే వేల బోర్లున్నాయి మరి. సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. యురేనియం అన్వేషణ ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉంటుంది, స్టార్టప్‌లకు అందదు. కానీ బంగారమైనా రాగి అయినా షెడ్యూల్డ్ ప్రాంతమైతే 1997 నాటి సమత తీర్పు అడ్డుంటుంది. అక్కడి భూమిని మైనింగ్ కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది.

మీ ఊరి చుట్టూ ఇప్పటిదాకా ఎవరేం వెతికారో తెలుసుకోవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. జీఎస్‌ఐ ‘భూకోశ్’ పోర్టల్‌లో, జాతీయ భూవిజ్ఞాన డేటా రిపాజిటరీలో మ్యాపులు, పాత సర్వే నివేదికలు ఉంటాయి. బ్లాకులు వేలానికి వస్తే ఆ ప్రకటన ఎంఎస్‌టీసీ వేలం వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. ఊరి పేరుతో వెతికినప్పుడు ఏమీ రాకపోతే జిల్లా పేరు మార్చి చూడండి. ఈ మూడు జిల్లాలూ ఏర్పడింది 2016 అక్టోబర్‌లో, అంతకుముందు నివేదికలన్నీ మహబూబ్‌నగర్ పేరు మీదే ఉంటాయి.