ఆదివారం డ్యూటీ

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. ఆవిడకు నెలనెలా డ్యూటీ చీటీ వస్తుంది: ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, లేదా రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి ఎనిమిది. నాకు కాలేజీ టైముటేబులు. ఈ రెండూ చాలనట్టు మూడో కాగితం ఒకటి వుంది. అది గుడి కార్యక్రమాల పట్టిక. సంఘానికి నేనే కార్యదర్శిని కనుక అది నా చేతివ్రాతే. మూడింటినీ వంటింటి గోడకు ఒకే మేకుకు తగిలించాము. పెళ్ళినాడు గురువుగారు చేయించిన ప్రమాణంలో రోగం మాట వుంది, పేదరికం మాట వుంది. ఈ కాగితాల మాట మాత్రం లేదు.

మా సంఘంలో ప్రభువు బల్ల నెలకొకసారే. కిందటి యేడు వరసగా మూడు నెలలు, సరిగ్గా ఆ ఆదివారమే ఆవిడకు ఉదయం డ్యూటీ పడింది. మూడోసారి ఆరాధన ముగిశాక, గుడి మెట్లమీద చెప్పులు తొడుక్కుంటూ ఒక పెద్దాయన, "ఏం మాస్టారూ, అమ్మగారు బల్లకు రావటం మానేసినట్టున్నారే!" అన్నాడు.

"డ్యూటీ అండీ" అన్నాను.

"సంపాదన ఎప్పుడూ వుండేదేగా!" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ మాటను నేను భద్రంగా యింటికి మోసుకొచ్చాను. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ వచ్చి, కాళ్ళు కడుక్కుని కుర్చీలో కూర్చోకముందే దించేశాను. "ఆ వుద్యోగం మానెయ్యరాదూ? నా జీతం చాలదా?" అన్నాను. చాలదని నాకు తెలుసు. అబ్బాయి చదువుకు కట్టేది ఆవిడ జీతంలోంచే.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా అన్నది: "ఇవాళ ఒక పిల్ల నొప్పులతో వచ్చిందండీ. తొలిచూలు. కాన్పయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు. ఆదివారం గదా అని నొప్పులు ఆగుతాయా? విశ్రాంతిదినాన ఊచచెయ్యి బాగుచేసిన సంగతి ఆదివారపు బడిలో పిల్లలకు మీరే చెబుతారుగా!"

నాకు జవాబు తోచలేదు. ఆవిడే మళ్ళీ, "నేను గుడికి రాని ఆదివారాలు ఆయన లెక్కపెట్టారు, బాగానే వుంది. మీరు యింట్లో అన్నం తినని రాత్రులు యెవరు లెక్కపెట్టాలి?" అన్నది.

ఆ రాత్రి లెక్కపెట్టాను. సోమవారం కమిటీ, బుధవారం ప్రార్థనకూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పాటల సాధన. మిగిలిన రోజుల్లో చాలావాటికి ఆవిడ డ్యూటీలు. ఆ నెలలో మేమిద్దరం యెదురెదురుగా కూర్చుని తిన్న రాత్రులు నాలుగు! దేవుని పనిమీద తిరుగుతున్నాను గదా అని నా గైర్హాజరుకు నేనే సెలవు మంజూరు చేసుకున్నాను. ఆవిణ్ణి మాత్రం సంజాయిషీ అడిగాను.

అకుల, ప్రిస్కిల్ల అనే దంపతుల కథ మావాళ్ళందరికీ తెలిసిందే. క్లౌదియ చక్రవర్తి యూదులను రోము విడిచిపొమ్మంటే కొరింథు చేరారు. డేరాలు కుట్టి బతికేవారు. అదే పని తెలిసిన పౌలు వాళ్ళింట్లో వుండి, వాళ్ళతోపాటు పనిచేశాడు. తరవాత వాళ్ళింట్లోనే సంఘం కూడుకునేది. అపొల్లో వంటి వాగ్ధాటిగల బోధకుణ్ణి చేరదీసి, తెలియనిది తెలియజెప్పింది ఆ యిద్దరే. కొత్త నిబంధనలో వాళ్ళ ప్రస్తావన ఆరుచోట్ల వుంది. ఆరుచోట్లా జంటగానే, ఒకరిని విడిచి మరొకరి పేరు లేదు. కొన్నిచోట్ల భార్య పేరే ముందు! వుభయపదాలకూ ప్రాధాన్యం వుంటేనే ద్వంద్వ సమాసమని యేళ్ళ తరబడి పాఠం చెబుతున్నాను. మా యింట్లో అది ద్వంద్వ యుద్ధమవుతున్నదని గమనించనేలేదు.

మర్నాడు గురువుగారి దగ్గరకు వెళ్ళి సంగతంతా చెప్పాను. ఆయన, "డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది సువార్త కోసమే గదా, చేసింది వైద్యం. మన గుడికీ ఆసుపత్రికీ చుట్టరికం నిన్నమొన్నటిది కాదు. మంచాన పడ్డవారికి యిళ్ళకు వెళ్ళి బల్ల యిస్తూనే వున్నాం. వాళ్ళను కనిపెట్టుకుని వుండే మనిషికి యివ్వకూడదా?" అన్నారు. ఆ సాయంత్రమే మా యింటికి వచ్చారు. మా ఆవిడ మోకరించి రొట్టె అందుకుంటూ వుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు నెలలూ ఆవిడ దానికోసం యెంత ఆరాటపడిందో నేను అడగనైనా లేదు.

కార్యదర్శి పని ఒక కుర్రవాడికి అప్పగించాను. ఆదివారపు బడి మాత్రం వుంచుకున్నాను. డ్యూటీ చీటీ మారలేదు, మారదు కూడా. రెండో డ్యూటీ రోజుల్లో ఆవిడ వచ్చేసరికి నేనే అన్నం వండుతున్నాను. చారు యింకా కుదరటం లేదు.

కుటుంబ ప్రార్థన యిప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకు, భోజనానికి ముందు. నిన్న నేను సంఘం కోసం, కాలేజీ కోసం, దేశం కోసం ప్రార్థిస్తూ పోతున్నాను. మధ్యలో ఆవిడ గట్టిగా "ఆమేన్" అన్నది. కళ్ళు తెరిచి చూశాను.

అన్నం చల్లారిపోతోందట!