సేద్యము మనది, పట్టా పరులది

హైదరాబాదు నగరమున నేడు వేలకొలది యువకులు, యువతులు ప్రాసెసరు చిప్పులను రూపొందించు పనిలో నున్నారు. మనము జేబులో పెట్టుకొని తిరుగు స్మార్టుఫోనులకు ప్రాణమనదగిన చిప్పులు వానిలో నున్నవి. ప్రపంచమందలి చిప్పు రూపకర్తలలో ఐదవవంతు భారతీయులేయని కేంద్రప్రభుత్వము పలుమారులు చెప్పియున్నది. ఇది సంతసింపదగిన వార్తయే. కాని సంతసించి యూరకుండుట వివేకము కాదని మా యభిప్రాయము. భూవసతిగల మా పాఠకులకు మా సందేహమును విస్తరించి చెప్ప నక్కరలేదు. పంట బాగుగనే పండుచున్నది. పట్టా యెవరి పేర నున్నది?

చిప్పునకు నొక భాష కలదు. తెమ్ము, కూడుము, పోల్చుము, దాచుము అను చిన్న చిన్న యాజ్ఞల సముదాయమే యా భాష. ఫోనులో మనము చూచు చిత్రము, వినెడి పాట, పంపెడి సొమ్ము, సర్వమును తుదకు ఆ యాజ్ఞలుగ మారవలసినదే. లోకమందలి స్మార్టుఫోనులును టాబ్లెట్లును దాదాపుగ నన్నియు నేడొక్క భాషనే యాడుచున్నవి. దానికి ఆర్మ్ అని పేరు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున ఏకార్న్ అను చిన్న కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అను నిరువురు దీనిని రూపొందించిరి. 1985లో వెలువడిన మొదటి చిప్పునందు సుమారు 25 వేల ట్రాన్సిస్టరులు మాత్రమే యుండెను. దానిని పరీక్షించునపుడు విద్యుత్తు నందించు తీగయే కలుపబడలేదట. అయినను తక్కిన తీగలనుండి చేరిన కొలది విద్యుత్తుతోనే యది పనిచేయుచుండెనని ఫర్బరే చెప్పియున్నారు. గోడకు తగిలించిన యంత్రము ఎంత భుజించినను చెల్లును. బ్యాటరీతో బ్రతుకవలసిన యంత్రమునకు మితాహారమే ప్రాణము. కనుకనే ఫోనుల రాజ్యము ఆర్మ్ వశమైనది. 2023లో వచ్చిన ఆపిల్ వారి ఏ17 ప్రో చిప్పులో 1,900 కోట్ల ట్రాన్సిస్టరులున్నను భాష మాత్రము ఆ వంశమునకు జెందినదే.

1990లో స్వతంత్రసంస్థగ నేర్పడిన ఆర్మ్, దశాబ్దములపాటు చిప్పులు చేసి యమ్మలేదు. హక్కులను కౌలుకిచ్చి ధనము నార్జించినది. ఈ కౌలు రెండు విధములు. సిద్ధముగనున్న నమూనాను తీసికొని వాడుకొనుట యొకటి. భాషను మాత్రము తీసికొని నమూనాను స్వయముగ గీసికొనుట రెండవది. ఏ విధమైనను శిస్తు తప్పదు. ఇంగ్లండువారు సైతము 2016లో ఈ సంస్థను జపాను దేశీయమగు సాఫ్టుబ్యాంకునకు విక్రయించుకొనిరి.

కౌలుదారుని కష్టమెట్టిదో క్వాల్కామ్ వ్యాజ్యము తెలుపుచున్నది. ఆ కంపెనీ 2021లో నువియా అను చిన్న సంస్థను కొని, దాని నమూనాలను తన చిప్పులలో చేర్చుకొనెను. మా యనుమతి లేనిదే ఆ నమూనాలు చెల్లవు, వానిని నాశనము చేయవలయునని 2022లో ఆర్మ్ న్యాయస్థానము కెక్కినది. దున్ని నాటిన చేనును మరల బీడు చేయుమనుట యన్నమాట! 2024 డిసెంబరులో జ్యూరీ ముఖ్యాంశములలో క్వాల్కామ్ పక్షముననే తీర్పిచ్చినది. కోట్లు గుమ్మరించి వకీళ్లను నిలుపగల కంపెనీ కనుక నిలిచినది. మన యూరిలో పదిమంది ఇంజనీర్లు కలిసి పెట్టుకొన్న సంస్థయైన నేమయ్యెడిది?

భాష యొకరిది కాగా, రూపకల్పనకు వలయు పనిముట్లు మరియొకరివి. సినాప్సిస్, కేడెన్స్ అను అమెరికను కంపెనీల సాఫ్టువేరు లేనిదే పెద్ద చిప్పు గీయుట దుస్సాధ్యము. 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వము చీనాకు వాని విక్రయమును కట్టడి చేసి, జూలైలో మరల సడలించినది. నాగలి యిచ్చువాడు దుక్కివేళ తలుపు మూసినట్లున్నది.

ఉపాయము లేకపోలేదు. 2010లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున పుట్టిన రిస్క్-ఫైవ్ అను భాషకు శిస్తు లేదు. పాణిని సూత్రములవలె నెవరైనను వాడుకొనవచ్చును. మద్రాసు ఐ.ఐ.టి.వారి శక్తి ప్రాసెసరులు దానిమీదనే నిర్మింపబడి 2018లో చిప్పులుగ వెలువడినవి. అయితే వ్యాకరణము ఉచితమైనంతమాత్రమున కావ్యము ఉచితముగ రాదు. శక్తి చిప్పులు ఖరీదైన ఫోనులకు చాలినవి కావు. ఫోను చిప్పులో ప్రాసెసరుతో పాటు చిత్రములు గీయు భాగము, కెమెరా భాగము, రేడియో భాగము నన్నియు నిమిడియుండవలయును. ఒక్కొక్కదానికి వేరు పేటెంటులు. పైగా ఫోనులలోని సాఫ్టువేరు చాలవరకు ఆర్మ్‌నకే అలవాటుపడియున్నది. ఈ కష్టములను దాచి స్వదేశీ నినాదము చేయువారితో మాకు పొత్తు లేదు.

కష్టమని తెలిసినప్పుడు ధనమును తదనుగుణముగ వెచ్చింపవలదా? 2021 డిసెంబరులో కేంద్రము 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టరు కార్యక్రమమును ప్రకటించినది. అందు సింహభాగము కర్మాగారములకే యుద్దేశింపబడినది. రూపకల్పన చేయు స్వదేశీ సంస్థకు మాత్రము వ్యయములో సగము వఱకు, అదియు నొక దరఖాస్తుకు 15 కోట్లకు మించకుండ నిత్తుమనిరి. అగ్రశ్రేణి ఫోను చిప్పు రూపకల్పనకు వందల కోట్లు కావలసియుండగా ఈ 15 కోట్లు విత్తనములకు సరిపోవును గాని పంట చేతికి రాదు. కర్మాగారము కట్టినప్పుడు శంకుస్థాపన చేయవచ్చును, ఛాయాచిత్రములు తీయించుకొనవచ్చును. నమూనాకు శంకుస్థాపన లేదు. వివక్షకు ఇదియు నొక కారణమా యని మాకనుమానము.

నెపమంతయు ప్రభుత్వముపై మోపుట న్యాయము కాదు. మా పాఠకులలో ధనవంతులు పంట సొమ్మును, వర్తకపు లాభమును తీసికొనిపోయి నగరము చుట్టు ప్లాట్లమీద పెట్టుచున్నారు. అదే నగరమున ఇరువదియేండ్లుగ పరుల చిప్పులను పరీక్షించి, దోషములు పట్టి, సరిదిద్ది తల నెరసిన రూపకర్తలున్నారు. వారిలో కొందరైనను స్వంతముగ నొక నమూనా గీయ నుత్సహింతురని మా నమ్మకము. వారు ఫోను చిప్పుతోనే యారంభింపనక్కరలేదు; విద్యుత్తు మీటరుకో, మోటారు పంపుకో చాలిన చిన్న చిప్పు చేసినను చాలును. ప్రభుత్వము 15 కోట్ల పరిమితిని తొలగించి, పనిముట్ల యద్దెను కొన్నియేండ్లు తాను భరించి, తాను కొను మీటర్లలో అట్టి చిప్పులకు కొంత భాగము కేటాయించినయెడల వారికి తొలి కొనుగోలుదారు దొరకును.