తుప్పు పట్టిన బండికి దిక్కెవరు?

రోడ్డు అంచున ఒక తోపుడు బండి నిలిస్తే మునిసిపాలిటీ కంటికి అది వెంటనే ఆనుతుంది. దానికి పది అడుగుల దూరంలో గాలి పోయిన టైర్లతో, పగిలిన అద్దాలతో, లోపల పిచ్చిమొక్కలు మొలిచిన వ్యాను ఏళ్ల తరబడి పడి ఉన్నా ఎవరికీ కనిపించదు. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు: డెల్టాలో ఏ పట్టణాన్ని తీసుకున్నా ఇది మనకు అలవాటైన దృశ్యమే. కాలువ గట్ల మీద, మార్కెట్ గోడల పక్కన, అన్నిటికంటే ఎక్కువగా పోలీసు స్టేషన్ల ఆవరణల్లో, అడిగే నాథుడు లేని బండ్లు వానకు నాని, ఎండకు ఎండి తుప్పై రాలిపోతున్నాయి. పట్టణ సుందరీకరణకు సంబంధించిన చిన్న విషయమని దీన్ని కొట్టిపారేయడానికి వీలులేదు. ఆ తుప్పులో అనేక కుటుంబాల బతుకుతెరువు కలిసి ఉంది.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో పది గంటలు లేదా అంతకు మించి వదిలివేసిన, కనిపెట్టుకొని ఉండేవారు లేని వాహనాన్ని అక్కడి నుంచి తరలించడానికి, లేదా చక్రానికి తాళం బిగించి కదలకుండా చేయడానికి, ఆ పరిధిలోని యూనిఫాం ధరించిన పోలీసు అధికారి అనుమతి ఇవ్వవచ్చు. రాకపోకలకు ప్రమాదకరంగా ఉంటే పది గంటలు ఆగనవసరం లేదు, వెంటనే తీయించవచ్చు. తరలింపు ఖర్చు యజమానిదే. ఇక రోడ్డుకు అడ్డుగా ఉన్న వస్తువులను తొలగించే అధికారం మునిసిపల్ చట్టాల కింద కమిషనర్లకు ఎలాగూ ఉంది.

అధికారం ఇద్దరికి ఉంది. బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు. 127వ సెక్షన్‌లోని 'వచ్చు' అన్న రెండక్షరాల్లోనే చిక్కంతా ఉందని మా అభిప్రాయం. బండి పోలీసుల వ్యవహారమని మునిసిపాలిటీ అంటుంది. రోడ్డు మునిసిపాలిటీదని పోలీసులు అంటారు. జాతీయ రహదారి అయితే మూడో శాఖ వస్తుంది, కాలువ గట్టు అయితే జలవనరుల శాఖ నాలుగోది అవుతుంది. బ్రిటన్‌లో 1978 నాటి ఒక చట్టం ఈ చిక్కును తేల్చేసింది. వదిలేసిన వాహనాన్ని తీయించడం అక్కడ స్థానిక కౌన్సిల్ విధి. పౌరుడు ఫిర్యాదు చేస్తే ఫలానా కార్యాలయం జవాబు చెప్పాలని ముందే రాసిపెట్టి ఉంది. మన దగ్గర ఫిర్యాదుదారుడికి మొదటి పని, ఆ ఫలానా కార్యాలయం ఏదో కనుక్కోవడం!

బండి ఎవరిదో తెలుసుకోవడం కష్టమని అధికారులు తరచూ చెబుతుంటారు. నంబరు పలక ఉంటే రవాణా శాఖ రికార్డుల్లో పేరు దొరకడానికి నిమిషం పట్టదు. అయితే ఆ పేరు గలవాడు నిజమైన యజమాని కాకపోవచ్చు, అసలు ఇబ్బంది అక్కడే ఉంది. బండి అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని 50వ సెక్షన్ నిర్దేశిస్తుంది. పనికిరాకుండా పోయిన బండి సంగతిని కూడా పద్నాలుగు రోజుల్లో తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలని 55వ సెక్షన్ చెబుతుంది. పాత ఆటో చేతులు మారేటప్పుడు ఈ నియమాలను పాటించేవారు ఎందరు? ఫైనాన్సు బాకీ తీరదు, బాకీ తీరనిదే పేరు మారదు, పేరు మారకుండానే బండి మూడో చేతికి, నాలుగో చేతికి వెళుతుంది. నడిపేవాడు ఒకడు, కాగితం మీద ఉన్నవాడు మరొకడు. ఆ బండి ఒక కేసులో చిక్కుకుంటే తనదని నిరూపించుకునే కాగితం నడిపేవాడి దగ్గర ఉండదు. కాగితం ఉన్నవాడికి ఆ బండితో పని ఉండదు. వదిలేసిన బండి పుట్టేది చాలాసార్లు ఇలాగే.

పోలీసు స్టేషన్ల ఆవరణల సంగతి ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి. యజమాని వదిలేసిన బండి కంటే ప్రభుత్వమే పట్టుకొని వదిలేసిన బండి మన ప్రాంతంలో పెద్ద సమస్య. యానాం మన పక్కనే ఉంది. అక్కడి మద్యం ఇక్కడికి వస్తూ పట్టుబడితే మోటారు సైకిలు, ఆటో, కారు, ఏదైనా సీసాలతో పాటు స్వాధీనమవుతుంది. గోదావరి ఇసుక ట్రాక్టర్లు ఒక వరుస, మన్యం నుంచి దిగివచ్చే గంజాయి కేసుల వాహనాలు మరొక వరుస, రోడ్డు ప్రమాదాల బండ్లు ఇంకొక వరుస. 2020లో మద్యం, ఇసుక కేసుల కోసం ప్రత్యేక ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగాన్ని ఏర్పాటు చేశారు, 2024లో దాన్ని రద్దు చేశారు. విభాగం వచ్చింది, పోయింది. పట్టుబడిన బండి మాత్రం ఎవరి ఖాతాలోకి మారినా నిలిచిన చోటే నిలిచి ఉంటుంది. ఎక్సైజు కేసుల్లో అదే శాఖ అధికారి జప్తు ఉత్తర్వు ఇచ్చే వీలుండడం వల్ల కోర్టు తలుపు తట్టాలో శాఖ తలుపు తట్టాలో సామాన్యుడికి అర్థం కాదు.

ఈ దుస్థితిని సుప్రీంకోర్టు రెండు దశాబ్దాల క్రితమే గుర్తించింది. 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో, స్వాధీనం చేసుకున్న వాహనాలను పోలీసు స్టేషన్లలో దీర్ఘకాలం ఉంచడం వల్ల ప్రయోజనం లేదని, మేజిస్ట్రేట్లు తగిన బాండు, పూచీకత్తు తీసుకొని వెంటనే విడుదల ఉత్తర్వులు ఇవ్వాలని స్పష్టం చేసింది. స్వాధీనమైన వస్తువు స్టేషన్‌లో పదిహేను రోజులు, మహా అయితే నెల రోజులు, అంతకు మించి ఉండరాదన్నది ఆ తీర్పు భావం. ఎవరూ అడగని బండిని వేలం వేయించవచ్చని కూడా చెప్పింది. ఆదేశాలు అమలు కావడం లేదని బీమా సంస్థల మండలి మళ్లీ అదే న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చింది. 2010లో తీర్పు వెలువడిన ఆ కేసులో ప్రతివాదిగా పేరెక్కింది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. గంజాయి వంటి మాదకద్రవ్యాల కేసుల్లో సైతం వాహనాన్ని మధ్యంతరంగా యజమానికి అప్పగించడానికి చట్టం అడ్డురాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 497వ సెక్షన్ గడువులు కూడా పెట్టింది. కోర్టు ముందుకు వచ్చిన సొత్తు వివరాలను పద్నాలుగు రోజుల్లో నమోదు చేయాలి, ఫోటోలు, వీడియో తీయించాలి, ఆపై ముప్పై రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. విచారణలో ఆ ఫోటోలే సాక్ష్యంగా చెల్లుతాయి. కనుక సాక్ష్యం కోసం బండిని కుళ్లబెట్టామనే సాకు ఇకపై నిలవదు.

బండి రోజుకు కొంత, వానకాలంలో మరికొంత విలువ కోల్పోతుంది. గోదావరి డెల్టా తేమకు, నల్లరేగడి బురదకు ఇనుము ఎంతకాలం తట్టుకుంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఒక్క వానకాలం బయట నిలిస్తే బ్యాటరీ పోతుంది, రెండోదానికి సీట్లు, వైరింగు పోతాయి. నిలిచి ఉన్న బండి నుంచి విడిభాగాలు మాయమవడం అందరికీ తెలిసిన రహస్యమే. కేసు కొట్టివేసినా, జరిమానాతో ముగిసినా, ఆటో డ్రైవర్‌కు తిరిగి దక్కేది కిలోల లెక్కన అమ్ముకునే ఇనుము. ఫైనాన్సు వాయిదాలు మాత్రం ఆగవు. నేరానికి చట్టం విధించిన శిక్ష ఒకటి, నిర్లక్ష్యం విధించిన శిక్ష మరొకటి. రెండోదానికి అప్పీలు లేదు.

మన పాఠకుల్లో ఆటో నడిపే కుటుంబాలు, మెకానిక్ షెడ్లు పెట్టుకున్నవారు, పాత ఇనుము వ్యాపారం చేసేవారు తక్కువేమీ కాదు. ముస్లింలు స్వయం ఉపాధి మీద ఎంతగా ఆధారపడి ఉన్నారో, అందులో వాహనాల మరమ్మతుకు ఎటువంటి స్థానం ఉందో 2006లో సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. అందువల్ల 127వ సెక్షన్‌కు ఉన్న రెండో అంచును కూడా మనం గమనించాలి. పది గంటలంటే ఒక రాత్రి. విడిభాగం కోసం విజయవాడకు మనిషిని పంపి, షెడ్డు ముందు నిలిపిన బండి కూడా ఆ లెక్కలో 'కనిపెట్టుకొని ఉండేవారు లేని' వాహనమే కావచ్చు. పదేళ్లుగా పడి ఉన్న లారీని పట్టించుకోని అధికారి, తలుచుకుంటే ఈ షెడ్డు మీదికి అదే సెక్షన్‌తో రాగలడు. రోడ్డు మీద పని చేయడం మెకానిక్ హక్కని మేము వాదించడం లేదు. మరమ్మతులో ఉన్న బండికీ, వదిలేసిన బండికీ తేడా ఏమిటో రాతపూర్వకంగా ముందే తేల్చాలని కోరుతున్నాం. బండికి నోటీసు అంటించి, ఫోటో తీసి, ఏడు రోజుల గడువిస్తే ఆ తేడా దానంతటదే తేలిపోతుంది.

తోపుడు బండ్ల సంగతి మొదట ప్రస్తావించాం. వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం ఖాళీ చేయించడానికి ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. పాడైపోయే సరుకును అడిగిన రోజే, మిగిలినదాన్ని రెండు పనిదినాల్లో తిరిగి అప్పగించాలి. ఈ నియమాలు ఎంత చక్కగా అమలవుతున్నాయో ఏ పండ్ల వ్యాపారిని అడిగినా చెబుతాడు. అడిగే యజమాని కళ్లెదుట ఉన్న చోట దూకుడు, యజమాని కనిపించని చోట మొద్దునిద్ర!

నిలిచిన బండిలో నీరు నిలుస్తుంది, నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ప్రతి వానకాలం ఇంటింటికీ తిరిగి పూలకుండీలు, కొబ్బరి చిప్పలు ఖాళీ చేయించే సిబ్బంది, ప్రభుత్వ ఆవరణలోని వందల టైర్లను దాటుకుంటూనే పోతారు.

హైదరాబాదులో పోలీసు కమిషనర్లు అడిగేవారు లేని వాహనాల జాబితాలు ప్రకటించి, హక్కుదారులకు ఆరు నెలల గడువిచ్చి, ఆపై వేలం వేస్తున్నారు. అక్కడి నగర పోలీసు చట్టం అందుకు వీలు కల్పించింది. కమిషనరేట్లు లేని మన జిల్లాల్లో అది కుదరదనడం సరికాదు. మేజిస్ట్రేటు ద్వారా ప్రకటన ఇప్పించి, ఆరు నెలల్లో ఎవరూ రాకపోతే అమ్మించే మార్గం నాగరిక సురక్షా సంహిత 503, 504 సెక్షన్లలోనే ఉంది. పనికిరాని బండ్లను నమోదైన తుక్కు కేంద్రాలకు అప్పగించే నియమాలు 2021లోనే వచ్చాయి. లేనిది చట్టం కాదు, జాబితా. ఆ జాబితాను ఆంగ్ల పత్రికలో ఒక మూల అచ్చువేసి చేతులు దులుపుకోకుండా, తెలుగులో, వీలైన చోట ఉర్దూలో కూడా, ప్రతి వార్డు సచివాలయం గోడ మీద అంటించాలి. పేరు మార్చుకోని కొనుగోలుదారుల కోసం లోక్ అదాలత్‌లలో ప్రత్యేక రోజు కేటాయించి, ఫైనాన్సు సంస్థను, పాత యజమానిని ఒకేచోట కూర్చోబెడితే సగం బండ్లకు దారి దొరుకుతుంది. ఆదాయం తక్కువ ఉన్నవారి విడుదల పిటిషన్లను జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వేయగలదు. ఈ సంగతి స్టేషన్ గుమ్మంలోనే రాసిపెట్టాలి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రోడ్లు వెడల్పు చేయాలి, వాహనాలు నిలిపే స్థలాలు చూడాలి. ఆ హడావుడిలో చివరి నెలలో క్రేన్లు దిగితే షెడ్ల ముందు బండ్లు, చిరువ్యాపారుల బండ్లు ముందు పోతాయి, స్టేషన్ ఆవరణలు మాత్రం చెక్కుచెదరవు. అందుకే పని ఇప్పుడే మొదలుకావాలి. పాఠకులు చేయగలిగినది కూడా ఒకటుంది. సమాచార హక్కు చట్టం, 2005 కింద మీ స్టేషన్‌కు ఒక దరఖాస్తు పెట్టండి. ఆవరణలో ఎన్ని వాహనాలు ఉన్నాయి, ఒక్కొక్కటి ఏ తేదీన పట్టుబడింది, కేసు నంబరు ఎంత, మేజిస్ట్రేటుకు ఎప్పుడు తెలిపారు, ఫోటోలు తీయించారా అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబులను మాకు పంపితే స్టేషన్లవారీగా ప్రచురిస్తాం.