క్వార్టరు బిడ్డ విదేశీ చదువు ఎవరి పూచీ మీద?

విదేశీ విద్య ఒకప్పుడు జమీందారుల, వకీళ్ల బిడ్డలకు పరిమితమైన వ్యవహారము. నేడు లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు, వాల్తేరు రైల్వే కాలనీలలోనూ, తపాలా ఉద్యోగుల ఇండ్లలోనూ అది నిత్యపు ముచ్చట అయినది. అమెరికాలో చదివే విదేశీ విద్యార్థులలో భారతీయులదే ప్రథమ స్థానము. 2024-25 విద్యా సంవత్సరంలో వారి సంఖ్య 3,63,019. అందులో తెలుగు బిడ్డలు ఎంత పెద్ద భాగమో, వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసే యువతీ యువకులను చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ బిడ్డల పాస్‌పోర్టులను స్పీడుపోస్టులో గడప గడపకు చేర్చేది మన పోస్టుమాన్ సోదరులే. ఒకనాడు ఇతరుల బిడ్డలు వ్రాసిన నీలిరంగు ఏరోగ్రాములను ఆర్.ఎం.ఎస్. గూళ్లలో వేసిన సార్టర్ల ఇండ్ల నుండే నేడు పిల్లలు ప్రయాణమవుతున్నారు.

దీనిని తప్పుపట్టే మిత్రులు మనలోనూ ఉన్నారు. ప్రజల సొమ్ముతో చదివి పరదేశానికి సేవ చేస్తారా అని వారి ప్రశ్న. ఈ ప్రశ్న అడగవలసినది ఖాళీలను భర్తీ చేయని ప్రభుత్వాన్నే గాని, ఉద్యోగం కోసం దిక్కులు చూస్తున్న ఇరవై రెండేండ్ల బిడ్డను కాదని మా అభిప్రాయము. పైగా విదేశానికి వెళ్లిన ప్రతివారూ మనకు దూరమైనవారు కారు. బరంపురానికి చెందిన వరాహగిరి వెంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదువుటకు డబ్లిన్ వెళ్లినారు. ఆ యేడే అక్కడి యజమానులు వేలాది కార్మికులను లాకౌటు చేసినారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత ఆంగ్ల ప్రభుత్వం గిరిగారిని ఐర్లండు విడిచిపొమ్మన్నది. తిరిగివచ్చిన ఆయన బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచినారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ నిర్మాతలలో ఒకరైనారు. (1974 మే నెలలో మన సమ్మెను అణచివేసినప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నదీ ఆయనే, అది వేరొక చర్చ.) అయితే గిరిగారి తండ్రి న్యాయవాది. మన బిడ్డ తండ్రి ట్రాక్‌మాన్, గార్డు, పోస్టల్ అసిస్టెంటు. చిక్కంతా అక్కడ ఉన్నది.

ప్రయాణానికి ముందు ఆ బిడ్డ మనస్సులో ఏమున్నదో పెద్దలము తెలుసుకొనవలె. మన సభ్యుల ఇండ్లలో మేము విన్న ఆశలు చాలా మామూలువి. పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూచిన యంత్రాన్ని చేతితో ముట్టి పనిచేయించవలెనని. రిక్రూట్‌మెంటు బోర్డు ఫలితాల కోసం ఏండ్ల తరబడి కాచుకొనే గతి తప్పవలెనని. నాన్న పదవీ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేసేలోగా తమదని చెప్పుకొనే ఇల్లు ఒకటి అమర్చవలెనని. దిగుళ్లూ అట్టివే. వంట రాదన్నది చిన్న దిగులు. అధ్యాపకుని ఉచ్చారణ అర్థమగునా, అమ్మకు జబ్బు చేస్తే రాగలనా అన్నవి అంతకంటె పెద్దవి. అన్నిటికీ అడుగున ఉన్నది ఒక్కటే: నేను తప్పితే నాన్న గతి ఏమి?

దీనికి తోడు పైకి చెప్పుకొనలేని ఇరకాటము మరొకటి ఉన్నది. చదువు ముగియగానే స్వదేశానికి తిరిగి వస్తానని వీసా అధికారిని ఆమె నమ్మించవలె. నమ్మకం కలుగకుంటే వలస చట్టం 214(బి) సెక్షను కింద తిరస్కారమే. అదే బిడ్డ ఇంటికి వచ్చి అప్పు కాగితాలు చూచుకొంటే, కొన్నేండ్లు అక్కడే ఉండి డాలర్లలో సంపాదించనిదే బాకీ తీరదని లెక్క చెబుతున్నది. ఎన్నడూ అబద్ధమాడని పిల్ల చేత ఈ రెండు మాటలూ ఆడిస్తున్నది ఆమె స్వభావము కాదు, ఆ అప్పు.

ఆ లెక్క కొంచెం చూతము. 40 లక్షల అప్పు, ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకొంటే, పదేండ్లలో తీర్చుటకు నెలకు దాదాపు 53 వేల రూపాయలు కట్టవలె. చదువుకొనే కాలంలో పేరుకొనే వడ్డీ దీనికి అదనము. ఏడవ వేతన సంఘం ప్రకారం పోస్టల్ అసిస్టెంటు ప్రారంభ మూలవేతనం 25,500, ట్రాక్‌మాన్‌ది 18,000. 2014లో 60 రూపాయల చుట్టుపక్కల ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటినది. అప్పు రూపాయలలో, ఫీజు డాలర్లలో. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి, పేరున్న కొన్ని విశ్వవిద్యాలయాలకు తప్ప, స్థిరాస్తి తాకట్టు కావలెనన్నది బ్యాంకుల సాధారణ నియమము. ఉద్యోగకాలమంతా క్వార్టరులో గడిపినవానికి స్థిరాస్తి ఎక్కడిది? ఇక మిగిలినది అధిక వడ్డీ పుచ్చుకొనే ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ, లేదా తాతలనాటి ఎకరము.

అంతా సరిచూచుకొని బయలుదేరినా, అక్కడి ప్రభుత్వం మాట నిలుపునన్న హామీ లేదు. 2025 మే 27న విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూల కేటాయింపు ఆపివేసి, మూడు వారాల తరువాత కొత్త షరతులతో తెరచినారు. ఆ సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినారు. అక్కడే చదివి వీసా మార్చుకొనేవారికి అది వర్తించదన్న వివరణ అక్టోబరు 20న గాని రాలేదు. ఆ నెల రోజులు ఎన్ని ఇండ్లలో నిద్ర కరువైనదో!

మా అసలు ఆందోళన మరొకటి. 2004 జనవరి 1 తరువాత ఉద్యోగంలో చేరినవారికి పాత పింఛనూ లేదు, జి.పి.ఎఫ్. కూడా లేదు. అప్పట్లో చేరినవారి పెద్దబిడ్డలు ఇప్పుడిప్పుడే డిగ్రీ పూర్తిచేసే వయస్సుకు వచ్చినారు. అనగా జి.పి.ఎఫ్. లేని మొదటి తరము, పిల్లల చదువుల అతి పెద్ద ఖర్చును ఈ సంవత్సరాలలోనే ఎదుర్కొంటున్నది. పాతవారు పదేండ్ల సర్వీసు ఉంటే పన్నెండు నెలల జీతం గాని, నిల్వలో మూడు వంతులు గాని, ఏది తక్కువైతే అది, తిరిగి కట్టనక్కర లేకుండా తీసుకొనగలరు. కొత్తవారికి ఎన్.పి.ఎస్.లో దక్కేది తాము కట్టిన చందాలో నాలుగవ వంతు మాత్రమే. ప్రభుత్వ వాటాను ముట్టరాదు. గ్రామీణ డాక్ సేవకులకు ఆ పాటి ఆసరా కూడా లేదు.

పిల్లల విద్యాభత్యము 2024 జనవరి నుండి నెలకు 2,812 రూపాయల యాభై పైసలు. అదీ పన్నెండవ తరగతితో ఆఖరు. ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం స్వదేశంలోని ఎంపిక చేసిన సంస్థలకే వర్తిస్తుంది. ఇల్లు కట్టుకొనుటకు 2017 నిబంధనల ప్రకారం 25 లక్షల వరకు అడ్వాన్సు ఇచ్చే ప్రభుత్వం, బిడ్డ చదువుకు అట్టి అడ్వాన్సు ఎందుకు ఇవ్వరాదు? జీతం నుండి వసూలు చేసుకొనే సొమ్ము ఎక్కడికీ పోదు. గృహనిర్మాణ అడ్వాన్సు మాదిరిగానే ఉన్నత విద్యా అడ్వాన్సు కావలెను, ఎన్.పి.ఎస్. ఉద్యోగులకు జి.పి.ఎఫ్.తో సమానమైన హక్కు కావలెను. డాక్ సేవకులను ఈ రెండింటిలోనూ చేర్చవలెను. స్వదేశంలో చదివే బిడ్డలకు కూడా ఈ అడ్వాన్సు వర్తించవలెను. బయటికి పోయేవారి కోసమే అడిగితే మిగిలినవారికి అన్యాయం చేసినవారమవుతాము.

ప్రభుత్వం దిగివచ్చేలోగా మన శాఖలు చేయగల పని ఒకటున్నది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం బండారం బయటపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు తగిలించినారు. 2019లో అరెస్టులతో వెలుగుచూచిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము సాక్షాత్తు అమెరికా అధికారులే పన్నిన వల. కమీషనుకు పనిచేసే ఏజెంటు ఇట్టివి చెప్పడు. ఇదివరకే వెళ్లివచ్చిన బిడ్డలు మన కాలనీలలోనే ఉన్నారు. జూన్ నెల శాఖా సమావేశంలో వారిని పిలిపించి, బయలుదేరబోయే పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ కూర్చుండబెట్టవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము. ఎవరెవరు ఎంత అప్పు, ఎంత వడ్డీకి, ఏమి తాకట్టు పెట్టి తెచ్చినారో సభ్యుల పేర్లు లేకుండా వివరాలు సేకరించి కేంద్ర కార్యాలయానికి పంపండి. అడ్వాన్సు కోరికపై ప్రభుత్వానికి సమర్పించే మెమొరాండంకు వాటినే జతపరుస్తాము.