అతిథులుగా మారిన అమ్మానాన్నలు

విదేశాలలో స్థిరపడిన బిడ్డలు స్వదేశానికి పంపే ధనాన్ని ప్రభుత్వాలు సగర్వంగా ప్రకటించుకుంటాయి. 2023-24లో ఆ మొత్తం 11,870 కోట్ల డాలర్లకు చేరిందని, అందులో 27.7 శాతం ఒక్క అమెరికా నుంచే వచ్చిందని రిజర్వు బ్యాంకు లెక్క తేల్చింది. డబ్బు నిమిషాలలో సముద్రాలు దాటుతోంది. దానిని పంపే బిడ్డను కళ్లారా చూసుకొని కొన్నాళ్లు గడపాలనుకునే తల్లిదండ్రుల దారిలో మాత్రం అవరోధాలు తరగడం లేదు. చేరిన తరువాతనైనా వారికి సుఖం దక్కుతున్నదా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

హైదరాబాద్‌లో 2008లో అమెరికా కాన్సులేట్ ప్రారంభం కావడంతో వీసా కోసం చెన్నై పరుగెత్తవలసిన ప్రయాస తప్పింది. కానీ కొవిడ్ అనంతరం, 2022లో, తొలిసారి సందర్శక వీసా కోరినవారు ఇంటర్వ్యూ కోసం 500 రోజులకు పైగా నిరీక్షించవలసి వచ్చింది. 79 సంవత్సరాలు పైబడిన వృద్ధులకు ఇంటర్వ్యూ నుంచి లభిస్తూ వచ్చిన మినహాయింపును 2025 సెప్టెంబరు 2 నుంచి అమెరికా ఉపసంహరించింది. పదేళ్ల వీసా చేతికి వచ్చినా ఒక్కో రాకలో సాధారణంగా ఉండనిచ్చేది ఆరు నెలలే. ఆ గడువును నిర్ణయించేది కూడా విమానాశ్రయంలోని అధికారి.

ఈ ఆరు నెలల గడువే తెలుగు కుటుంబాలలో ఒక కొత్త ఆనవాయితీకి దారి తీసింది. కాన్పు సమయానికి అమ్మాయి తల్లిదండ్రులు వెళ్తారు. వారి గడువు ముగిసేసరికి అబ్బాయి తల్లిదండ్రులు దిగుతారు. పురుడు పోయడం, మనుమలను ఎత్తుకోవడం మన పెద్దలకు భారం కాదు, భాగ్యమే. కానీ శిశు సంరక్షణ ఖర్చు భరించలేని సంసారాలలో ఆ మమకారం క్రమేణా దినచర్యగా, దినచర్య బాధ్యతగా మారుతోంది. బిడ్డ ఇంటికి చుట్టపు చూపుగా వచ్చినవారు వంటింటికి, ఉయ్యాలకు మధ్య కట్టుబడిపోతున్నారు.

నగరం తీరు ఈ ఒంటరితనాన్ని మరింత పెంచుతోంది. డల్లాస్ వంటి చోట కారు లేనిదే కూరగాయల దుకాణానికైనా వెళ్లలేరు. న్యూయార్క్‌లో భూగర్భ రైళ్లు ఉన్నా, మెట్లు ఎక్కలేనివారికి, ఇంగ్లీషు రానివారికి అవి అక్కరకు రావు. ఫ్లషింగ్‌లోని గణపతి ఆలయానికి వెళ్లాలన్నా శనివారం దాకా ఆగవలసిందే. తొమ్మిదిన్నర, పదిన్నర గంటల కాలవ్యత్యాసం వల్ల వీరికి మధ్యాహ్నం ఊసుపోని వేళకు ఇక్కడి బంధుమిత్రులు నిద్రలో ఉంటారు. ఊరిలో పదిమందికి సలహా చెప్పిన మనిషి అక్కడ గుమ్మం దాటడానికి కుమారుని సెలవు దినం కోసం ఎదురుచూడటం కంటే దైన్యం ఏముంటుంది?

అన్నిటినీ మించిన భయం అనారోగ్యం. అమెరికా వృద్ధులకు ప్రభుత్వం కల్పించే మెడికేర్ సందర్శకులకు వర్తించదు. అత్యవసర చికిత్సను నిరాకరించరాదని అక్కడ 1986లోనే చట్టం వచ్చింది. అయితే చికిత్స అనంతరం బిల్లు రాక తప్పదు. సందర్శకుల బీమా పాలసీలు చాలావరకు పాత వ్యాధులను మినహాయిస్తాయి, లేదా అవి అకస్మాత్తుగా విషమించినప్పుడు మాత్రమే, అదీ పరిమితులకు లోబడి చెల్లిస్తాయి. మధుమేహం, రక్తపోటు లేని వృద్ధులు ఎందరు? అతి తక్కువ ప్రీమియం చూసి పాలసీ కొనే బిడ్డలు ఈ షరతులను చదవకపోవడం ప్రమాదకరం.

మార్గాంతరం లేకపోలేదు. కెనడా 2011లో ప్రవేశపెట్టిన సూపర్ వీసాపై తల్లిదండ్రులు ఒక్కో రాకలో ఐదేళ్ల వరకు ఉండవచ్చునని 2022లో సవరించింది. కనీసం లక్ష డాలర్ల ఆరోగ్య బీమాను తప్పనిసరి చేసింది. స్వదేశీయుల ఖజానాపై భారం పడకుండానే తల్లిదండ్రులను ఆదరించవచ్చునని ఈ ఏర్పాటు సూచిస్తోంది. వృత్తి నిపుణుల వీసాల కోసం పట్టుపట్టే భారత ప్రభుత్వం, ఆ నిపుణుల తల్లిదండ్రుల రాకపోకలను కూడా చర్చలలో చేర్చాలి. పాత వ్యాధులకు వర్తించే ప్రయాణ బీమాను అందుబాటు ధరలో అందించేందుకు ప్రభుత్వరంగ బీమా సంస్థలు పూనుకోవాలి.

ప్రభుత్వాలు చేయలేనిది కూడా కొంత ఉంది. పెద్దలను రప్పించే ముందు వారి సౌకర్యాన్ని, ఆరోగ్యాన్ని, ఇష్టాయిష్టాలను విచారించుకోవడం బిడ్డల విధి. కాన్పుకో, ఉద్యోగ అవసరానికో కాక, కేవలం వారిని చూసుకోవడం కోసం ఒక్కసారైనా పిలవాలి. టిక్కెట్టు కొని పంపినంత మాత్రాన పుత్రధర్మం నెరవేరినట్లు కాదు.